గోడ దాటిన మట్టి

మా వైపు ఎవరైనా ఇల్లు మొదలుపెట్టారంటే ముందుగా అడిగేది ఎన్ని గదులని కాదు, మట్టి ఎక్కడిదని. జగ్గయ్యపేటలో కొత్త ప్లాట్లు చాలావరకు ఒకప్పటి నల్లరేగడి పొలాలే. రేగడి మీద నేరుగా గచ్చు చేస్తే ఏడాది తిరక్కుండా పగుళ్లిస్తుంది. అందుకని పునాది గోడల మధ్య ఎర్రమట్టి నింపాలి. ఊళ్లో ఎక్కడ తవ్వుతున్నా అక్కడున్న ట్రాక్టర్ అతన్ని "మట్టి ఎక్కడ పోస్తున్నావు?" అని అడగడం మాకు పలకరింపు లాంటిది. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు, అడగనివాణ్ణే చేతకానివాడంటారు.

మా మరిది చేతకానివాడు కాదు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాపు ఉంది అతనికి. అతనూ మా చెల్లెలూ, ఉంటున్న రేకుల ఇంటి పక్కనే రెండు గదుల ఇల్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. వాళ్లకో కూతురు, ఇంకా బడిలో వెయ్యలేదు. నేను నందిగామలో టీచర్ని, ఆదివారాలు ఆ పిల్ల కోసమే పేట బస్సెక్కుతాను.

వాళ్ల సందు చివర మూతపడిన ఫ్యాక్టరీ ఒకటుంది. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్లట. ఊరు దాన్ని చుట్టేసి ముందుకు పోయింది గానీ, ఆ ప్రహరీ లోపల గడ్డి కూడా సరిగా మొలవలేదు. అలాంటి స్థలాల్ని బాగుచెయ్యడానికి ప్రభుత్వం నిధులిచ్చిందని తెలిసిన రోజు చెల్లెలు ఫోన్ చేసి మరీ చెప్పింది.

"అక్కా, మన సందు చివర పార్కు వస్తదంట! పిల్లకి ఉయ్యాల కూడా ఉంటదంట."

నేనూ సంతోషించాను. ప్రజల సొమ్ము ప్రజల కాళ్ల కిందికి రావడం రోజూ జరిగే పని కాదు కదా. గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. దాని మీద పథకం పేరుంది, నవ్వుతున్న ముఖాలున్నాయి. సీసం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

పై మట్టి తవ్వి ఒక మూల కుప్ప పోసి, అక్కణ్ణించి టార్పాలిన్ కప్పిన లారీల్లో దూరంగా, విషపు వ్యర్థాల్ని పూడ్చే చోటికి పంపాలట. ఇదంతా తర్వాత తెలిసిన సంగతి. అప్పట్లో మా మరిదికి కనిపించింది ఎర్రటి మట్టి. ఫ్యాక్టరీ వాళ్లు ఆ రోజుల్లో రేగడి మీద పోయించుకున్న మట్టి అది. లోపల ఆ మట్టిని కుప్పకి చేరవేసే ట్రాక్టర్ అతన్ని టీ కొట్టు దగ్గర మామూలుగానే అడిగాడు. అతనూ మామూలుగానే తెచ్చి పునాదిలో పోశాడు. మిగిలింది ఇంటి ముందు కుప్పగా ఉండిపోయింది.

ఆ కుప్ప మీదే పిల్ల వంటిల్లు పెట్టింది. నేను వెళ్లిన ఆదివారం కొబ్బరిచిప్పలో నాకు కూర వడ్డించింది. ఎర్రమట్టి అన్నం, దాని మీద నల్లటి ముక్కలు.

"వంకాయ ముక్కలు పెద్దమ్మా, తిను."

ఒకటి తీసి చూశాను. పగిలిన బ్యాటరీ పెట్టె ముక్క. పిల్ల అప్పుడే ఆ వేళ్లు నోట్లో పెట్టుకుంది. చటుక్కున చెయ్యి లాగేశాను. ఆ మట్టి ఎక్కడిదని మరిదిని అడిగాను.

"ఆ ఫ్యాక్టరీదేనండి వదినా. ఎర్రగా, శుభ్రంగా ఉందిగా," అన్నాడు.

ఆ తర్వాత నేనన్న మాటలు రాయను. నాకు నోరు కాస్త ఎక్కువ.

మర్నాడు ముగ్గురం మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాం. ఇంజనీరు మర్యాదస్తుడే. కుర్చీలు వేయించి అంతా విన్నాడు, విన్నకొద్దీ అతని ముఖం పాలిపోయింది.

"మేడం, శాంక్షన్ అయింది ఆ ప్రహరీ లోపలి స్థలానికేనండి. బయట ఒక గంప తియ్యాలన్నా నా దగ్గర పద్దు లేదు."

"మీ ప్రహరీ లోపలి నుంచే వచ్చిందిగా అండి?"

"వచ్చిందండి. కానీ ఇప్పుడు బయటుంది."

నాకు ఒళ్లు మండింది. "అయితే మళ్లీ లోపల పోస్తే తీస్తారా?" అన్నాను వెటకారంగా.

అతను బల్ల మీది ఫైలు తెరిచి ఒక కాగితం చూసి, "లోపలుంటే తియ్యాల్సిందేనండి," అన్నాడు.

నా వెటకారమే దారయింది. కాంట్రాక్టరుతో మాట్లాడి అదే ట్రాక్టర్ పంపించాడు. పోసినతనే నీళ్లు చల్లి, మూతికి గుడ్డ కట్టుకుని, తవ్వి తీసుకెళ్లాడు. ఇంజనీరు దగ్గరుండి, కింద రేగడి కనపడేదాకా గీకించాడు. ఆ సాయంత్రానికి మట్టంతా ప్రహరీ లోపలికి చేరింది, పథకం కిందికొచ్చింది. ఆ పథకాన్ని నేను తిట్టను. లోపలి పని పద్ధతిగానే జరిగింది. ఆ ఎర్రమట్టిలో ఏముందో సందులోవాళ్లకి ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు, ఇంతదాకా వచ్చేది కాదు.

పిల్లని విజయవాడ తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాం. సీసం ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉందన్నారు. మందులు అక్కర్లేదు, ఆ మట్టికి దూరంగా ఉంచండి, పాలూ ఆకుకూరలూ పెట్టండి, మళ్లీ పరీక్షకి తీసుకురండి అన్నారు డాక్టరమ్మ. తిరుగు బస్సులో చెల్లెలు పిల్ల చేతుల్ని తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. తుడవడానికి ఏమీ లేదని నేను చెప్పలేకపోయాను.

పునాదికి మళ్లీ మట్టి కావాలి. ఈసారి వీరులపాడు వైపు తెలిసినవాళ్ల మెట్టచేను నుంచి డబ్బిచ్చి తెప్పించాం. మరిది వెళ్లి చూసి, చేత్తో నలిపి, అక్కడి రైతుని పది రకాలుగా అడిగి మరీ తెచ్చాడు. "ఇది మంచి మట్టే," అని ఇంట్లో అందరికీ చెప్పాడు, పిల్లక్కూడా.

మొదటి ట్రక్కు ఇంటి ముందు పోయగానే పిల్ల కొబ్బరిచిప్ప పట్టుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తింది. రెండు చేతులూ అందులో పెట్టేసింది. చెల్లెలు ఇంట్లోంచి కేక వేస్తూ వచ్చి, జబ్బ పట్టుకుని లాగి, వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ పిల్ల మీద చెయ్యెత్తడం నేనెన్నడూ చూడలేదు.

మొదట పిల్ల ఏడవలేదు. తల్లిని చూసి, మట్టిని చూసి, "మంచి మట్టన్నారుగా అమ్మా," అంది.

చెల్లెలు అక్కడే కూలబడి పిల్లని ఒళ్లోకి లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. నాకూ ఆగలేదు. మరిది షర్టు కొసతో పిల్ల చేతులు తుడవబోయి, మధ్యలో ఆగి, అలాగే నిలబడిపోయాడు. రెండో ట్రక్కు తెచ్చినతను ఇంజను ఆపి, పొయ్యమంటారా వద్దా అని మా వైపే చూస్తున్నాడు.