మద్దిలేటి మామ గొంతు

ఈ రోజు మద్దిలేటి మామకు స్కాన్ తీయించడానికి కర్నూలు వెళ్ళాం. మామ పత్తికొండ మార్కెట్లో ధరలు కేకేసి చెబుతూ టమాటా వేలం పాడతాడు. ఆయన గొంతులో ఉన్నది క్యాన్సరేనని పోయిన వారం తేలింది.

ఇంజెక్షన్ చేసి, గంటసేపు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నారు. మాట్లాడితే గొంతు కండరాలు కూడా బొమ్మలో మెరుస్తాయట, అప్పుడు జబ్బు ఎంతవరకుందో సరిగా తెలియదట. తలుపు అద్దంలోంచి మామను చూసి అత్త నవ్వింది.

"పెండ్లయినప్పటి నుంచి ఈ మనిషి ఇంతసేపు గమ్మునుండేది నేను చూళ్ళేదు నాయనా!"

నేనూ నవ్వాను.

సాయంత్రం డాక్టరు గారు ఆ స్కాన్‌లో వచ్చిన రెండు రకాల బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కలిపి చూపించారు. జబ్బు ఇంకెక్కడికీ పాకలేదు. ఆపరేషన్ చేస్తే మామ బతుకుతాడు. కానీ స్వరపేటిక మొత్తం తీసేయాలి.



"ఆపరేషన్ ఎప్పుడు సార్?" అన్నాడు మామ బొంగురు గొంతుతో.

"వచ్చే వారం."

"అట్లయితే అంతవరకూ మార్కెట్టుకు పోతా సార్. ఉండే గొంతుతో పాడుకుంటా."

డాక్టరు గారు కాదనలేదు. అత్త మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి నా ఫోనంతా వెతికాను. మామ ఫొటోలు బోలెడున్నాయి. ఆయన గొంతు మాత్రం ఎక్కడా లేదు. మామ అరుపులకు చెవులు మూసుకోవడమే తప్ప, దాచుకోవాలని ఎప్పుడూ తోచలేదు. రేపు పొద్దున్నే నేనూ మార్కెట్టుకు వెళ్తున్నాను.

మీ వాళ్ళ గొంతులు మీ దగ్గర ఉన్నాయా?