నేను వెయ్యనివ్వని మిట్ట

పెద్ద పంతులమ్మగారు ప్రభువునందు నిద్రించారు. మంగళవారం పొద్దున బాపట్ల ఆసుపత్రి నుంచి వాళ్ల తమ్ముడు వచ్చి చెప్పేసరికి నేను చేలో మినుము పీకిస్తున్నాను. ప్రార్థన చేద్దామని నోరు తెరిచాను. మాట రాలేదు. వీధి చివరి దాకా వినపడే గొంతని నన్ను మెచ్చుకునే వాళ్లకు ఈ సంగతి ముందే చెబుతున్నాను. ఆవిడ గురించి రాయాలంటే ఆ గొంతు చేసిన పని గురించి రాయకుండా కుదరదు.

రేపల్లె నుంచి తెనాలి పోయే రోడ్డు మా ఊరి బడి గుమ్మాన్ని రాసుకుంటూ పోతుంది. ఆ బడికి ఆవిడ చాలా ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్సు. సన్నటి మనిషి. కళ్లజోడుకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేవారు. ఆదివారం నేను నడిపే ప్రార్థన కూటానికి వచ్చి ఆఖరి చాప మీద కూర్చునేవారు. నేను వాక్యం చెప్పగానే తన గ్రంథంలో ఆ పుట తీసి చూసేవారు. నా చదువు ఐదో తరగతితో ఆగింది. మిగతాదంతా కూడబలుక్కుని నేర్చుకున్నదే. కూటం అయ్యాక నన్ను పక్కకు పిలిచి, నేను తప్పు పలికిన మాటలు పెన్సిలుతో రాసిచ్చేవారు. నలుగురి ముందు ఒక్కసారీ దిద్దలేదు. “వాక్యం చదివితే పైనా కిందా కూడా చదవాలండి. మధ్యలో తుంచుకుంటే ఏమైనా చెప్పొచ్చు” అనేవారు. ఆ మాటకు తల ఊపేవాణ్ణి, అంతే.

రోడ్డుకు తారు పడ్డాక లారీలకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. బండ్లు నెమ్మదించేలా బడికి అటొకటి ఇటొకటి రోడ్డుకు అడ్డంగా మిట్ట వెయ్యాలని ఆవిడ అర్జీ పెట్టారు. ఊరి అభిప్రాయం తెలుసుకోడానికి తెనాలి నుంచి రోడ్ల శాఖ ఓవర్సీరు వచ్చాడు. పంచాయతీ అరుగు మీద మీటింగు.

మా రైతుల అలవాటు మీకు తెలుసు. ఎండిన మినుపకట్టె తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తాం. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయ చిట్లి గింజ రాలుతుంది. ఎడ్లను తిప్పే బాధ ఉండదు. అందుకు ఊరిలో వెడల్పైన చోటు బడి ముందే. అక్కడ పరిచే కట్టెలో సగం నాదే.

“మిట్ట వేస్తే బండి ఇరుసు విరుగుద్ది సార్, మీరొచ్చి బాగుచేస్తారా?” అన్నాడొక రైతు.

పంతులమ్మగారు లేచారు. “మినుపకట్టె పరిచినప్పుడు లారీ ఎంత నెమ్మదిగా పోతుందో చూశారుగా, చక్రం జారుద్దని. మా పిల్లల కోసం కూడా అంతే నెమ్మదిగా పొమ్మంటున్నానండి.”

“పిల్లల్ని అదుపులో పెట్టుకోండి అమ్మగారూ, లారీల్ని కాదు” అన్నాడు ఆ రైతే.

“మీ వాణ్ణి ఇంట్లో మీరు అదుపులో పెట్టుకోగలుగుతున్నారా బాబాయ్?”

అందరూ నవ్వారు. ఆ బాబాయ్ కూడా నవ్వాడు. ఆ నవ్వుతో సభ ఆవిడ వైపు ఒరిగింది. అప్పుడు లేచాను నేను.

“మెట్టలు చదును చెయ్యమని, వంకర దారి తిన్నగా చెయ్యమని ప్రవక్త చెబుతుంటే, తిన్నగా ఉన్న దారిలో మిట్ట కడతారా? పసిపిల్లల్ని కాచే దూతలు లేరా? మట్టిని నమ్ముతారా, దేవుణ్ణి నమ్ముతారా?”

గుడికి పోయేవాళ్లు కూడా “అంతేగా” అన్నారు. చేతులెత్తమంటే మిట్ట కావాలని లేచినవి నాలుగే. నా నోట్లో ఉన్నది ప్రవక్త. మనసులో ఉన్నది మినుములు. మిట్టలు వేస్తే కట్టె పరిచే చదును పోతుందని.

దిగి వెళ్తూ ఆవిడ నా దగ్గర ఆగారు. “మీ గొంతు మంచిదండి. ఏ పనికి వాడుతున్నారో చూసుకోండి” అన్నారు.

మరుసటి ఏడు, పంట ఎత్తేసి రోడ్డు ఖాళీ అయిన వారానికే, బడి ముందే రెండో తరగతి పిల్ల పాదం మీద నుంచి బస్సు చక్రం పోయింది. ఆవిడే ఆ పిల్లను ఒడిలో పెట్టుకుని తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది, పాదం దక్కలేదు. నేను ప్రార్థన చెయ్యడానికి అక్కడికి వెళ్తే సంచీలోంచి మిట్టల అర్జీ కాగితం తీశారు.

“ప్రార్థన తర్వాత చేద్దాం. ముందు దీని మీద సంతకం పెట్టండి. మీరు పెడితే ఊరంతా పెడుతుంది.”

“ఇంకొక్క పంట కానివ్వండమ్మా” అన్నాను.

ఆ మంచం పక్కన నిలబడి అన్నాను ఆ మాట. ఆవిడ కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నారు. మళ్లీ నన్ను అడగలేదు. నా మీద కోపం చూపించలేదు, పెన్సిలు చీటీలు ఇవ్వడం మానలేదు. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం రోడ్డు మధ్య చేతులు చాపి తనే నిలబడేవారు. అలా నాలుగు పంటలు ఇంటికి తెచ్చుకున్నాను.

తమ్ముణ్ణి చంపి వచ్చిన అన్నను నీ తమ్ముడెక్కడని దేవుడు అడిగిన చోటును నేను వందసార్లు బోధించి ఉంటాను. అడిగింది నన్నేనని ఇప్పుడు తెలుస్తోంది. బుధవారం కొత్త అర్జీ మీద మొదటి సంతకం నేనే పెట్టాను. పాత ఓవర్సీరు మారిపోయాడట, అంతా మొదటి నుంచి నడవాలట.

గురువారం ఆవిడ ఉన్న పెట్టెను భుజాల మీద ఎత్తుకుని ఆ రోడ్డు మీదే సమాధుల తోటకు నడిచాం. జనం రోడ్డంతా నిండారు. దాటిపోయే సందు లేదు. మా వెనక తెనాలి బస్సు, దాని వెనక ధాన్యం లారీలు, ఇటుకల లారీ, అన్నీ మనిషి నడకన వచ్చాయి. ఒక్కరూ హారను కొట్టలేదు. బడి దగ్గర పిల్లలు ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ తీరిగ్గా దాటుతున్నారు. ఒక చిన్నపిల్ల రోడ్డు నడిమధ్య వంగి, కింద పడ్డ బంతిపువ్వు తీసుకుని, దుమ్ము ఊదుకుంటూ నిలబడిపోయింది. ఆ పిల్ల కదిలేదాకా బస్సు కదల్లేదు.