ఆరోగ్యమ్మ కాల్చిన రొట్టె

ఆరోగ్యమ్మ నోరు ఎలాంటిదో పెనుగంచిప్రోలులో ఆమె పేటవాళ్లను అడగాలి. మిరపకాయల తొడిమలు తీసే చోట ఆమె గొంతు లేస్తే మేస్త్రీ కూడా పక్కకు తప్పుకుంటాడు. కానీ ఆ ఆదివారం పొద్దున్నే ఆమె మండిపడుతున్నది మేస్త్రీ మీద కాదు, దేవుడి మీద.

"నీకసలు కళ్లున్నాయా ప్రభువా? వాడికి నా చేత్తో రొట్టె చేయిస్తావా?" అంది పిండి కలుపుతూ.

నెల మొదటి ఆదివారం చర్చిలో బల్ల, అంటే ప్రభువు భోజనం. ప్రభువు శరీరమని అందరూ తలా ఒక ముక్క తినే ఆ రొట్టెను, కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆరోగ్యమ్మే చేస్తోంది. ముందురోజే చేతులకు నూనె రాసుకుని మిరప ఘాటు వదిలించుకుంటుంది. కొడుకు సామ్యేలు చనిపోయిన నెలలో కూడా మానలేదు.

సామ్యేలును కారుతో గుద్దినవాడు భవానీప్రసాద్, జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు వాళ్లబ్బాయి. తాగి నడిపాడు. రోడ్డు మీద గిలగిలా కొట్టుకుంటున్న మనిషిని వదిలేసి పోయాడు. జైల్లో పడ్డాక, అక్కడికెళ్లి వాక్యం చెప్పే వీళ్ల చర్చి పాస్టరు వరప్రసాదరావు ముందు ఏడ్చాడట, మారాడట, బయటికొచ్చి మున్నేటిలో బాప్తిస్మం కూడా తీసుకున్నాడట! ఇవాళ బల్లకు వస్తాడని నిన్న పాస్టరే వచ్చి మెల్లగా చెప్పాడు.

"అయ్యగారూ, నా కొడుకు నెత్తురు అంత చవకైపోయిందాండీ? ఏట్లో మునిగి లేస్తే పోయిందా?"

పాస్టరు అన్నాడు, "నీకు కష్టమైతే ఈసారి రొట్టె ఇంకెవరైనా చేస్తార్లే అమ్మా."

ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. "కొడుకూ పోయె, ఇప్పుడు నా రొట్టె కూడా లాక్కుంటారా? నేనే చేస్తా."

చేసింది. పిండిని కసిదీరా పిడికిళ్లతో గుద్దింది. పెనం మీద రొట్టె ఒక పక్క మాడింది. మాడితే మాడనీ అనుకుంది.

చర్చిలో భవానీప్రసాద్ మగవాళ్ల వెనక, గుమ్మం దగ్గర కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. చూడకూడదనుకుంటూనే ఆమె చూసింది. పళ్లెం వరస వెంట వెళుతోంది. ముట్టుకోనీ, వాడి సంగతి చెబుతా అనుకుంది. పళ్లెం అతని దగ్గరికి వచ్చింది. అతను ముట్టుకోలేదు. తల వంచుకుని పక్కాయనకు అందించేశాడు.

అంతే, ఆరోగ్యమ్మ లేచింది. పాట ఆగిపోయింది. ఆడవాళ్ల వైపు నుంచి విసవిసా నడిచి వెళ్లి, పక్కాయన చేతిలోంచి పళ్లెం లాక్కుని అతని ముందు పెట్టింది.

"ఏం, తినవా?"

"నాకు అర్హత లేదమ్మా..."

"నాకుందా? నీ చావు కోరుకుంటూ నెలనెలా నేను తినలా? ఆ ప్రభువు నన్నడిగి చచ్చిపోయాడా నీ కోసం? తినరా!"

అతను ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఏడుపుతో మింగుడు పడలేదు. ఆరోగ్యమ్మ అక్కడే నిలబడింది, అతను మింగేదాకా. ఆమె కళ్లూ కారుతున్నాయి.

"నా కోపం తగ్గలా. తగ్గిందనుకోకు," అంది పైటతో ముఖం తుడుచుకుంటూ. "నీకొచ్చింది మాడిన ముక్క. వచ్చే నెల సరిగ్గా కాలుస్తా."