నా ఒళ్ళో సింహం, చేపలు

ఎనభైల మొదట్లో ఫుజైరా ఆసుపత్రిలో నర్సుగా చేరడానికి దుబాయ్ నుంచి వ్యానులో వెళ్తున్నాను. దారిలో కారు చెడిపోయిన ఓ ఇంగ్లీషు ఇంజనీరును మా డ్రైవరు మల్లన్న ఎక్కించుకున్నాడు. ఆయన ఎక్కీ ఎక్కగానే రంగులేసిన పెద్ద చెక్క పలకను అడక్కుండానే నా ఒళ్ళో పెట్టేశాడు. దాని మీద గీత పడకూడదట. ఆపైన సిగరెట్టు వెలిగించి పాఠం మొదలెట్టాడు.

పలక మీద నాలుగు గళ్ళు. రెండింటిలో సింహం, రెండింటిలో చేపలు. సింహం వాళ్ళ వంశ చిహ్నం, చేపలు మామగారి వంశానివి. భార్యకు అన్నదమ్ములు లేరు కనుక రెండూ కలిసి కొడుక్కి వచ్చాయట.

ఆడపిల్లతోనూ వంశం గుర్తు నిలుస్తుందంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ముగ్గురం ఆడపిల్లలమే పుట్టామని, ఇంటిపేరు నిలబెట్టేవాడు లేడని మా నాన్న ఎప్పుడూ కుమిలిపోయేవాడు.

“ఆమెకు అన్నదమ్ములుంటే?” అని అడిగాను.

“అప్పుడు ఆమె పిల్లలకు చేపలు రావు.”

మల్లన్నది కరీంనగర్ వైపు. “సాబ్ ఏమంటుండక్కా?” అంటే చెప్పాను.

“అంటే మొగోళ్ళు ఖలాస్ అయితేనే ఆడపిల్ల యాదికొస్తదా?” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. “ఇందులో మీ ఆవిడ గుర్తు ఏదండీ?” అన్నాను.

“ఆమెకు వేరే ఎందుకు? తండ్రిది తెచ్చి కొడుక్కిస్తుంది, అంతే” అని నవ్వాడు.

అప్పటికే నా కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. పలక ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టాను.

“మీ నాన్ననీ మామగారినీ ఇక మీరే మోయండి.”