ఫ్లూటు దగ్గర కలిసే తోటికోడళ్లు

అందుకే అంటున్నా, దుప్పటి మడత అంటే అంత తేలిగ్గా తీసెయ్యకండి. మీరు ఇంట్లో గడ్డం కింద నొక్కిపెట్టుకుని ఒక్కరే మడిచేసుకునే దుప్పటి కాదిది. ఆసుపత్రి దుప్పటి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. చెరో చివర నిలబడి, రెండేసి మూలలు పట్టుకుని, గట్టిగా ఓ విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి అంచుకు అంచు కలపాలి. ఒకరు తన మూలలు రెండోవాళ్ల చేతికిచ్చి, కిందికి వంగి మడత అందుకుని, మళ్లీ వెనక్కి నడవాలి. ఇద్దరిలో ఒకరు ముందయ్యి ఒకరు వెనకయ్యారా, దుప్పటి నేలపాలు. నేల మీద పడింది మళ్లీ ఉతుక్కి పోవాల్సిందే. రోగుల కింద పరిచే బట్ట మరి.

ఈ పనిలో పెద్దాసుపత్రి బట్టలుతికే సెల్లారు మొత్తానికి పెద్దకోడలి తర్వాతే ఎవరైనా. ఆమెకు అసలు పేరొకటుంది గానీ జీతాల రోజు తప్ప అది ఎవరికీ గుర్తు రాదు. తోటికోడలు కూడా అక్కడే పని చేస్తుంది కాబట్టి ఈమె పెద్దకోడలు, ఆమె చిన్నకోడలు. అత్తగారు పోయి చాలా కాలమైంది. అయినా ఆవిణ్ని కళ్లతో చూడని, బట్టలారబెట్టే డ్రైయరు అన్న దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరూ ఆ వరసతోనే పిలుస్తారు.

పెద్దకోడలు పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ముక్కు మీద కోపం. చిన్నప్పుడు బడికి పంపితే పలక పగలగొట్టుకుని వచ్చేసిందట, మళ్లీ కొనిపెట్టేవాళ్లు లేక చదువు అక్కడే ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో ఈ సెల్లారులో తడిబట్టలు మోసే పనిలో చేరింది. నీళ్లోడే దుప్పట్ల బండి తోసి తోసి నడుం వంగిపోతుంటే, "నన్ను మడతల్లో వెయ్యకపోతే రేపట్నుంచి రాను" అని అప్పటి సూపర్‌వైజరు ముందు బండి అడ్డంగా నిలబెట్టేసింది. అలా మడతల హాల్లోకి వచ్చింది. మరిది పెళ్లి చేసుకున్నాక చిన్నకోడల్ని తనే తీసుకొచ్చి, ఎదురుగా నిలబెట్టుకుని పని నేర్పింది.

నేర్పింది తను కాదు, పాట అనాలి. మడతల హాల్లో కిటికీ పక్క చెక్క మీద ఒక టేప్‌రికార్డరు ఉంటుంది. పెద్దకోడలు మొదటి జీతంతో కొనుక్కున్న క్యాసెట్ అందులోనే ఉంటుంది. బొంగురు గొంతు గాయని ఒకావిడ పాడిన పాటలు అన్నీ. అట్ట ఎప్పుడో చిరిగిపోయింది. ఆ హాలంతా ఆవిడ అభిమానులే. ఏ పాట తర్వాత ఏ పాటో, ఆవిడ ఏ మాట దగ్గర నవ్వు ఆపుకుంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. రెండో వైపు మొదటి పాటకు వాళ్లు పెట్టుకున్న పేరు దుప్పటి పాట. అందులో దుప్పటి మాటే లేదు. ఏదో వంతెన మీద ఒకామె ఎవరి కోసమో ఎదురుచూస్తుంటుంది. కానీ ఆవిడ ఒక లైను పాడి ఆగుతుంది. తబలా కూడా ఆగుతుంది. ఒట్టి ఫ్లూటు ఒక్కటే మెల్లగా మెట్లు దిగినట్టు దిగుతుంది. ఆ ఫ్లూటు దిగేంతసేపూ ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నడిచొచ్చి అంచులు కలపడానికి సరిగ్గా సరిపోతుంది. మళ్లీ ఆవిడ గొంతెత్తే సరికి వెనక్కి నడవాలి. అంతే. 'రా' అననక్కర్లేదు, 'పట్టుకో' అననక్కర్లేదు.

అదే ఈ తోటికోడళ్లను కాపాడింది. ఎందుకంటే వాళ్లిద్దరికీ మాటల్లేవు.

అంత పెద్ద కారణమేం కాదు. ఆడపడుచు కూతురి పెళ్లిలో అందరూ బలవంతపెడితే పెద్దకోడలు మైకు పట్టుకుని ఈ దుప్పటి పాటే పాడింది. పైస్థాయికి వెళ్లేసరికి గొంతు కీచుమంది. ముందు వరసలో కూర్చున్న చిన్నకోడలు పకాలున నవ్వింది. ఆ నవ్వు చూసి ఇంకో నలుగురు నవ్వారు. పెద్దకోడలు మైకు బల్ల మీద పెట్టేసి, భోజనం చెయ్యకుండా ఇంటికొచ్చేసింది. ఆ రోజు నుంచి ఇన్నేళ్లుగా పాట పాడలేదు, తోటికోడలితో మాట్లాడలేదు. ఉండేది ఒకే ఇల్లు, కింద వీళ్లు, పైన వాళ్లు, మధ్యలో ఒకటే మెట్ల దారి. ఒకరు దిగుతుంటే ఒకరు గోడవైపు తిరిగి నిలబడతారు. అన్నదమ్ములు సర్దిచెప్పబోతే ఇద్దరూ చెరో వైపు నుంచి ఒంటికాలి మీద లేచారు. దాంతో మగవాళ్లు తోక ముడిచారు.

"ముందు అదే నోరు విప్పాలి" అంటుంది పెద్దకోడలు. "నేను విప్పితే నా పేరు మార్చెయ్యండి."

కానీ జత మాత్రం మార్చుకోలేదు. పొద్దున్నే ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా దుప్పటికి చెరో చివర నిలబడతారు. ఫ్లూటు దగ్గర కలుస్తారు, గొంతు దగ్గర విడిపోతారు. పెద్దకోడలు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఇంట్లో లేదు, మెట్ల మీద లేదు, చెల్లెల్లాంటి ఆ తోటికోడలు తనకు మిగిలింది దుప్పటికి అవతలి చివరే.

ఇలా సాగుతుండగా టేప్‌రికార్డరు మూలగడం మొదలెట్టింది. గాయని గొంతు మగవాడి గొంతులా సాగిపోతోంది. సరిగ్గా అప్పుడే కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. కుర్రాడు చెడ్డవాడేం కాదు. అందర్నీ అత్తా, బాబాయ్ అని పిలుస్తాడు. వాడికీ ఆ గాయనంటే ప్రాణమే. ఒకరోజు పొద్దున్నే బకెట్టంత స్పీకరు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మీ పాటే అత్తా. రీమిక్స్ చేశారు. వినండి, మతిపోతుంది."

పోయింది. డప్పులేవో ధడధడలాడాయి. బొంగురు గొంతు వచ్చింది. తోటికోడళ్లు దుప్పటి విదిలించారు. లైను అయిపోయింది, పెద్దకోడలు ఫ్లూటు కోసం చెవి రిక్కించింది. ఫ్లూటు లేదు. డప్పు మీద డప్పు, వెంటనే రెండో లైను. ఆమె ఆగింది, అవతలామె వచ్చేసింది. ఇద్దరి నుదుళ్లూ ఠప్పున కొట్టుకున్నాయి. దుప్పటి కింద పడింది.

మిగతా జతలు "రా రా, ఆ పట్టు" అనుకుంటూ ఎలాగో నెట్టుకొచ్చాయి. వీళ్లిద్దరూ అనరుగా. పెద్దకోడలు పక్కకు తిరిగి, "డ్రైయరన్నా, ఆ మనిషిని కాస్త కళ్లు తెరుచుకుని నడవమను" అంది.

"డ్రైయరన్నా, నడవకుండా స్తంభంలా నిలబడిపోయిందెవరో అడుగు" అంది చిన్నకోడలు.

"నేను బట్టలారబెట్టడానికి వచ్చానమ్మా, కబుర్లు మొయ్యడానికి కాదు" అన్నాడు డ్రైయరు అన్న.

రెండు గంటలు గడిచేసరికి వాళ్ల పక్కన నేలపాలైన దుప్పట్లు గుట్ట పడ్డాయి.

పొద్దుటి టీ వేళ అందరూ బల్ల చుట్టూ చేరి ముందు పాతది, తర్వాత కొత్తది పెట్టించుకుని విన్నారు. పాతది మూలుగుతూనే పాడింది.

"ఎవరేమన్నా దరువు మాత్రం దరువేనమ్మా, ఒళ్లు ఊరుకోవట్లేదు" అన్నాడు డ్రైయరు అన్న.

"నీ ఒళ్లు డ్రైయరు తిరిగినా ఊగుతుందిలే" అంది పెద్దకోడలు.

"గొంతు అదేగా పెద్దమ్మా. ఆవిణ్నేం మార్చలేదుగా" అంది ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే పిల్ల.

"గొంతు అదే. ఊపిరేదీ? రెండో లైనుకు ముందు ఆవిడ ఊపిరి పీల్చుకునేది వినపడేది కదే. కోసేశారు. ఊపిరి లేకుండా పాడే మనిషిని నేను నమ్మను."

సూపర్‌వైజరు నవ్వాడు. "అది శుభ్రం చెయ్యడం అత్తా. పాత రికార్డింగులో చప్పుళ్లుంటాయి, తీసేస్తారు."

"చప్పుళ్లు తీస్తే తీశారు, ఫ్లూటేం పాపం చేసింది నాయనా?" అన్నాడు సబ్బునీళ్లు కలిపే ముసలాయన.

"అంతసేపు ఒట్టి ఫ్లూటు ఇప్పుడెవరు వింటారు బాబాయ్?"

"మేం వినట్లా? మేం ఎవరం కాదా?" అంది పెద్దకోడలు.

మూల నుంచి చిన్నకోడలు గ్లాసులోకి చూస్తూ, "డ్రైయరన్నా, ఫ్లూటు ఉంటేనే చేతులకు కాస్త తెరిపి అని చెప్పు" అంది.

"ఎవరికి చెప్పమంటావమ్మా?"

"ఎవరికైనా."

సూపర్‌వైజరు దుప్పట్ల గుట్టకేసి చూసి తల గోక్కున్నాడు. "పాటల సంగతి సరే అత్తా. ఇలా కింద పడేస్తుంటే పైవాళ్లు నన్నడుగుతారు. మీరిద్దరూ మాట్లాడుకుంటూ పని చెయ్యండి. లేదా జతలు మార్చేస్తాను."

"మాట్లాడ్డానికి రాలేదు, మడతపెట్టడానికి వచ్చాను."

"మరి ఆ డబ్బా చూస్తే మూలుగుతోంది."

"బాగుచేయిస్తే వేస్తావా?"

"బాగైతే వేస్తాను. నాకేం అభ్యంతరం?"

డ్రైయరు అన్న టేప్‌రికార్డరు విప్పి చూసి, రబ్బరు బెల్టు సాగిపోయిందని తేల్చాడు. పెద్దకోడలు ఆ బెల్టును నమూనాకని సంచిలో వేసుకుంది. ఆసుపత్రి ఎదురుగానే రేడియోలు బాగుచేసేవాడి కొట్టుంది. వంతులవారీగా వచ్చే భోజనం గంటలో తన వంతు రాగానే, కొత్తది తెచ్చి వేయించాలని అన్నం కూడా తినకుండా బయల్దేరింది.

గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. "ఏంటి పెద్దకోడలా, నీ జత మార్చేశారటగా. చిన్నకోడలికి ఇస్త్రీ పిల్లను కలిపారట. ఇప్పుడే టీ కుర్రాడు చెప్పాడు."

పెద్దకోడలు ఒక కాలు రోడ్డు మీద, ఒక కాలు గేటు లోపల పెట్టి నిలబడిపోయింది. ఎదురుగా కొట్టు తెరిచే ఉంది. మెకానిక్ ఏదో రేడియోలోకి తలదూర్చి ఊదుతున్నాడు. ఆమె వెనక్కి తిరిగింది. మెట్లు దిగుతుంటే సంచి మోకాలికి తగులుతోంది.

హాల్లో స్పీకరు ధడధడలాడుతోంది. ఇస్త్రీ పిల్ల దుప్పటి మూలలు పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడింది. అవతలి చివర చిన్నకోడలు పెదవులు బిగించి ఉంది.

"ఇటివ్వు" అని పెద్దకోడలు ఆ మూలలు లాక్కుంది.

"అత్తా, గంట కూడా కాలేదు. బెల్టు వచ్చిందా?" అన్నాడు సూపర్‌వైజరు.

"రాలేదు."

"మరి పాట?"

పెద్దకోడలు దుప్పటి విదిలించింది. తలెత్తి, అన్నేళ్ల తర్వాత, ఆ కీచుగొంతుతోనే దుప్పటి పాట ఎత్తుకుంది. స్పీకరులో డప్పులు మోగుతూనే ఉన్నాయి. దాని దారి దానిది, ఆమె దారి ఆమెది. మొదటి లైను చివర గొంతు పెళ్లిలో కీచుమన్న చోటే మళ్లీ కీచుమంది. హాల్లో అందరూ చిన్నకోడలి వంక చూశారు.

పెద్దకోడలు ఆపలేదు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండన్నట్టు లైను పూర్తిచేసి, నోరు మూసుకుని, మూలలు పట్టుకుని నిలబడింది. ఇక్కడ ఫ్లూటు రావాలి. ఫ్లూటు పాడటం ఆమెకు చేతకాదు.

అవతలి నుంచి సన్నగా ఓ కూనిరాగం బయల్దేరింది. చిన్నకోడలు పెదవులు విప్పకుండా, ముక్కుతోనే ఫ్లూటు దించుతూ నడిచొస్తోంది. పెద్దకోడలూ నడిచింది. అంచుకు అంచు కలిసింది. చేతులు మారాయి.

"అది తప్పు" అంది పెద్దకోడలు. "చివర్లో కిందికి దిగాలి. నువ్వు పైకి లేపావు."

చిన్నకోడలు మడత అందుకుని నడుం నిలబెట్టింది. "నువ్వు పాడింది మాత్రం పెద్ద సరిగ్గా ఉందా అక్కా? పెళ్లిలోనూ ఇక్కడే కీచుమన్నావు."

"కీచుమంటే నవ్వాలా?"

"నవ్వొచ్చింది, నవ్వాను. ఇప్పుడు రాలేదు, నవ్వలేదు. పాడు, దుప్పట్లు అలాగే ఉన్నాయి."

రెండో దుప్పటికి ఇస్త్రీ పిల్ల గొంతు కలిపింది. మూడో దానికి సబ్బునీళ్ల ముసలాయన కూడా. సూపర్‌వైజరు కాసేపు చేతులు కట్టుకుని చూశాడు. కింద ఒక్కటీ పడకపోవడంతో వెళ్లి స్పీకరు గొంతు తగ్గించాడు. డ్రైయరు అన్న మొహం మాడ్చుకున్నాడు. అతనికి ఇప్పటికీ దరువే ఇష్టం.

ముందు మాట్లాడింది ఎవరన్న గొడవ మాత్రం ఆ హాల్లో ఇంకా తెగలేదు. 'అది తప్పు' అన్నది పెద్దకోడలేగా, పేరు మార్చుకోవాల్సిందేనని కొందరు. కూనిరాగం ముందొచ్చిందిగా, అదీ మాట కిందే లెక్కని కొందరు. పెద్దకోడలిని అడిగితే, "పని నేర్పిన మనిషిని, తప్పు దిద్దాను. దాన్ని మాట్లాడటమంటారా?" అని ఎదురు తిరుగుతుంది.

ఇప్పుడు పొద్దున పూట పాట వీళ్లదే, మధ్యాహ్నం స్పీకరుది. బెల్టు లేని టేప్‌రికార్డరు చెక్క మీద అలాగే ఉంది. అసలు ఫ్లూటు చివర్లో దిగుతుందో లేస్తుందో తేల్చుకుందాం, బెల్టు తెమ్మని చిన్నకోడలు రోజూ మెట్లు దిగుతూ పోరుతుంది. ఈమె రేపు వెళ్తానంటుంది. ఆ నమూనా బెల్టేమో పెద్దకోడలి అన్నం డబ్బాకు, మూత ఊడకుండా రెండు చుట్లు చుట్టి ఉంది.