ఏ అధ్యాయానికి ఆ పక్షం

సుభద్రమ్మకు ఒక్కటే జబ్బు. నవల్లో ఎవరు కథ చెబుతుంటే వాళ్ల పక్షానికి గెంతేస్తుంది! ఆవిడకు చదువు రాదు. రాజాంలో పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవంతా, మధ్యాహ్నం భోజనాలయ్యాక అద్దె పుస్తకం చదివి వినిపించడం కోడలు పార్వతీదేవి పని.

నవల్లో ఓ జమీందారు ప్రేమించిన పిల్లను మేడలో పెట్టి తాళం వేస్తాడు. కథను ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు చెబుతారు. మొదటి వంతు జమీందారుది.

"పాపం, పేమ ముదిరిపోనాది ఆడికి," అని సుభద్రమ్మ కళ్లొత్తుకుంది.

మర్నాడు దాసి వంతు. "ఆడి మొహం మండ! కూడు కూడా కిటికీలోంచేనా?"

ఆ తర్వాత జమీందారు తల్లి వంతు. "కన్నతల్లి మాత్తరం ఏటి సేస్తాది?"

"అత్తా, అసలు నువ్వెవురి పక్షం?" పార్వతీదేవికి ఒళ్లు మండింది.

"అందరి మాటా ఇనకుండా తీర్పేటే? సదువు!"

ఆ మంట ఊరికే కాదు. ఈ ఇంటి మేడగదికీ బయట గొళ్లెం పడి ఉంది. ఆడపడుచు కన్యాకుమారి, తండ్రి కుదిర్చిన బియ్యం మిల్లు సంబంధం వద్దు, నెల్లిమర్లలో గుమస్తాగా ఉన్న మేనబావ బంగారురాజునే చేసుకుంటానంది. "మనసు మారీదాకా మేడ మీదే ఉండు," అన్నాడు మావగారు జగన్నాధం. ఆదివారం నిశ్చితార్థానికి మిల్లువారు వస్తున్నారు. అత్తగారేమో జమీందారు కోసం కన్నీళ్లు పెట్టుకుంటోంది!

జగన్నాధానికి నవలలంటే చిరాకు. అయినా చదువు మొదలవగానే పక్కగదిలో ఆయన పడకకుర్చీ కిర్రుమంటూ తలుపు వైపు జరిగేది. గురక మాత్రం వినిపించేది కాదు.

శనివారం నాటికి మేడలో పిల్ల వంతు వచ్చింది. పార్వతీదేవి గొంతు సవరించుకుంది.

"ఆపీ. పుస్తకం మూసీ," అంది సుభద్రమ్మ.

అవతల కుర్చీ కిర్రుమంది. జగన్నాధం గుమ్మంలోకి వచ్చేశాడు. "ఆపీడమేటి? ఆ పిల్ల ఏటంటాదో సదవమను!"

"ఆ పిల్ల మాట మీకెందుకు?"

"ఎందుకేటి? అందరూ సెప్పుకున్నారు. తాళం ఏయించుకున్నదాన్ని ఒక్కరూ అడగరా?"

సుభద్రమ్మ తాపీగా మేడకేసి చెయ్యి చూపింది. "అడగండి మరి. పైనే ఉన్నాది."

జగన్నాధం కండువా సవరించుకుని మెట్లెక్కాడు. గొళ్లెం చప్పుడైంది. కన్యాకుమారి వంతు సాయంత్రం దాకా సాగింది. కిందికి వచ్చాక ఆయన మిల్లువారిని రావద్దని, బంగారురాజును రమ్మని కబుర్లు పంపాడు.

"అత్తా! ఇదంతా ముందే అనుకున్నావా?"

"లైబ్రరీ కూర్మయ్య కథంతా ముందే సెప్పీసినాడు. ఏరి మరీ తెచ్చుకున్నాను."

"మరి జమీందారు కోసం ఏడిసినావే?"

"ఏడవకపోతే మీ మావ కుర్చీ తలుపు కాడికి జరిపీవోడేటి?"

ఆ సాయంత్రం మిగతా నవల కన్యాకుమారే చదివింది. జగన్నాధం పడకకుర్చీ వసారాలోకి ఈడ్చుకొచ్చి మరీ కూర్చున్నాడు. కథలో మేడ తాళం బద్దలు కాగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.