మంగళగిరి మేడ మీద నుంచి కోటాయన

ఆ రోజుల్లో చుట్టుపక్కల ఎవరైనా పోతే బాధపడి ఊరుకునేవాళ్ళం గానీ, టీవీలో మనిషి పోతే మాత్రం ససేమిరా ఒప్పుకునేవాళ్ళం కాదు. ఇప్పుడు సీరియల్లో ఎవరు చచ్చినా ఫోన్‌లో వేలితో పక్కకి తోసేసి ఇంకోటి పెట్టుకుంటున్నాం. అప్పట్లో శనివారం సాయంత్రం ఒక్క గంట కనిపించే మనిషి కోసం మిగతా వారమంతా ఎదురుచూసేవాళ్ళం. నేను చెప్పబోయేది అలాంటి ఒక డిటెక్టివ్ గురించి. సీరియల్లో ఆయనకి గంభీరమైన పేరే ఉండేది. కానీ నడివేసవిలో కూడా నల్లకోటు విప్పడనీ, ఆ కోటు మీద ఎప్పుడూ చెమట మరక కనిపించదనీ మా ఆఫీసులో అందరం ఆయన్ని ‘కోటాయన’ అనేవాళ్ళం. ఆయన చచ్చాడా, చచ్చినట్టు నటించాడా అన్న మీమాంసలో నా జీవితంలో ఒక ముఖ్యమైన పని చెడిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ కథ చెబితే విన్నవాళ్ళు పడీ పడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కాకపోతే వాళ్ళకన్నా కాస్త ముందే ఆపేస్తాను.

ఆఫీసంటే మరీ ఊహించుకోకండి. పటమటలో ఒక మందుల షాపు మీద రెండు గదులు, మంచినీళ్ళ ఫిల్టర్లు అమ్మే కంపెనీ. ఇంటింటికీ తిరిగి అమ్మడం నా ఉద్యోగం (కృష్ణ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకి ఆ నీళ్ళు మంచివి కావని చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో, ఆ పాపం మూటగట్టుకున్నవాళ్ళకే తెలుసు). నాతో పాటు తిరిగే కుర్రాడిది బందరు అవతల సముద్రపు ఒడ్డు ఊరు. వాళ్ళింట్లో అందరూ చేపల వేటకి వెళ్ళేవాళ్ళే, వీడొక్కడే డిగ్రీ చదివి ఒడ్డున పడ్డాడు. వాణ్ణి ‘బందరు’ అని పిలిచేవాళ్ళం. లెక్కలు చూసే అమ్మాయి రోజూ మంగళగిరి నుంచి బస్సులో వచ్చేది. నేను ఆమెని ‘మంగళగిరి గారూ’ అంటే, ఆమె నన్ను ‘ఫిల్టరు గారూ’ అనేది. ఆమె అంటే నాకు చాలా ఇష్టం. ఆమెకీ నా మీద ఇష్టం ఉందని ఆఫీసులో అందరికీ తెలుసు, కింద మందుల షాపాయనకి కూడా తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ఉద్యోగం పర్మనెంటు అయ్యాక ధైర్యంగా అడుగుదామని నేను ముహూర్తం పెట్టుకుని కూర్చున్నాను.

ఇంతలో సీరియల్ మొదటి భాగం చివరి వారం కోటాయన ఐదంతస్తుల మేడ మీద నుంచి దూకేశాడు. రోడ్డుకి అవతల ఆయన అసిస్టెంటు నిలబడి చూస్తూనే ఉన్నాడు. సరిగ్గా అదే సమయానికి బ్యాండు మేళంతో ఒక పెళ్ళి ఊరేగింపు మధ్యలో అడ్డం వచ్చింది. ఊరేగింపు దాటేసరికి కోటాయన రోడ్డు మీద బోర్లా పడి ఉన్నాడు. అంతే, రెండో భాగం వచ్చే ఏడాది అన్నారు. సోమవారం మధ్యాహ్నం క్యారేజీలు విప్పామో లేదో సిద్ధాంతాలు మొదలయ్యాయి. దహనం చూపించలేదు, దినం భోజనాలు చూపించలేదు, కాబట్టి మనిషి బతికే ఉన్నాడన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఎలా బతికాడన్నదే తగువు. మేనేజరుగారు, ‘చంకలో నిమ్మకాయ పెట్టుకుంటే నాడి దొరకదయ్యా, గారడీవాళ్ళు చేసేది అదే,’ అన్నారు. బందరు మాత్రం, ‘ఊరేగింపులో ఉన్నోళ్ళంతా ఆయన మనుషులేరా. వల పట్టారు. మా వల నలుగురు నాలుగు మూలలా బిగించి పట్టుకుంటే దున్నపోతు పడ్డా ఏం కాదు,’ అన్నాడు. వాడి వలకి నేను కొలతలూ, కోణాలూ చేర్చి పెద్ద శాస్త్రంగా తయారుచేశాను. మంగళగిరి గారు మజ్జిగన్నం కలుపుకుంటూ, ‘ఎలా దూకాడన్నది నాకు తెలీదు గానీ, ఒక్కరికైనా ముందే చెప్పే ఉంటాడండీ. తనంటే ప్రాణం పెట్టినవాళ్ళని ఊరికే ఏడవనిస్తాడా ఎవరైనా?’ అంది. అది సిద్ధాంతం కాదు, సెంటిమెంటు అని నేను కొట్టిపారేశాను. ఆమె నా వైపు ఒకసారి చూసి మళ్ళీ మజ్జిగన్నంలో పడింది.

ఒక గురువారం ఆమె బస్సుకి బయలుదేరుతూ నా బల్ల దగ్గర ఆగింది. ‘ఆదివారం పొద్దున మా ఇంటికి రాగలరా? నాన్నగారు మిమ్మల్ని ఒకసారి చూస్తానన్నారు. సాయంత్రం నన్ను చూసుకోడానికి తెనాలి నుంచి ఎవరో వస్తున్నారట, వాళ్ళు రాకముందే మీరు వస్తే బాగుంటుంది. నాన్నగారు కూడా కోటాయన్ని చూస్తారు లెండి, మీకు మాటలకి ఇబ్బంది ఉండదు,’ అంది. ఒక ఆడపిల్ల ఇంతకన్నా విడమరిచి ఎలా చెబుతుంది? తర్వాత తెలిసింది, వాళ్ళ నాన్నగారు అప్పటికే నా గురించి వాకబు చేయించారట. కులం అడ్డు లేదు, జీతం తక్కువైనా పరవాలేదన్నారట. కుర్రాడు వచ్చి ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితే తెనాలి వాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పేద్దామనుకున్నారట. ఆమె చెప్పినవన్నీ నా చెవిన పడ్డాయి. బుర్రకెక్కింది మాత్రం చివరి వాక్యం ఒక్కటే. వాళ్ళ నాన్నగారు కోటాయన అభిమాని. మంగళగిరిలో వాళ్ళకి మేడ ఉంది. ఇంకేం కావాలి?

బందరు వాళ్ళ ఊరికి కబురు పెట్టి పాత వల ఒకటి తెప్పించాడు. మేడ మీద నుంచి పడేయడానికి బొమ్మ కావాలి కదా. భవానీపురంలో ధర్నాలకి దిష్టిబొమ్మలు కట్టే పెద్దమనిషి ఒకాయన వాడికి తెలుసు. ఏ పార్టీవాళ్ళు ఏ నాయకుణ్ణి తగలబెడదామని చేయించారో గానీ, ధర్నా రద్దయి ఒక బొమ్మ మిగిలిపోయిందట. గడ్డి కూరి, మనిషెత్తున, దిట్టంగా ఉంది. కోటు బందరు వాళ్ళ బావ పెళ్ళినాటిది. లోపలికి తెల్లచొక్కా ఉంటేనే కోటాయనలా ఉంటుందని, నాకున్న ఒకే ఒక్క మంచి చొక్కా ఇస్త్రీ చేయించి మరీ దానికి తొడిగాను. నేను బజారుకెళ్ళే గళ్ళ చొక్కా వేసుకున్నాను. ఆటోలో మా ఇద్దరి మధ్య బొమ్మని కూర్చోబెట్టి బ్యారేజీ మీద వెళుతుంటే కానిస్టేబులు ఆపాడు.

‘ఎవర్ని తగలబెడతారు?’ అన్నాడు.

‘తగలబెట్టం సార్. మేడ మీద నుంచి పడేస్తాం అంతే,’ అన్నాడు బందరు వినయంగా. ఆయన కాసేపు ఆలోచించి, పొమ్మని చెయ్యి ఊపాడు.

మేం వెళ్ళేసరికి వాళ్ళ నాన్నగారు ఇస్త్రీ పంచె కట్టుకుని వరండాలో కూర్చుని ఉన్నారు. ఆయనది చేనేత చీరల వ్యాపారం, నెమ్మదైన మనిషి. ఎదురుగా ఇంకో కుర్చీ వేసి ఉంది. ‘రా బాబూ, కూర్చో. మీది ఏ ఊరు?’ అన్నారు. ‘తర్వాత చెబుతానండీ, ఎండ ముదిరితే నీడలు మారిపోతాయి. మీరు అసిస్టెంటు. రోడ్డు అవతల నిలబడాలి,’ అన్నాను. పాపం ఆయన నా వైపూ, నా భుజం మీద ఉన్న బొమ్మ వైపూ చూసి, చెప్పులేసుకుని వెళ్ళి ఎండలో నిలబడ్డారు. ఊరేగింపుకి బదులు ఆటోని అడ్డం పెట్టించాను. ఆటో చాటున బందరూ, చీరల కొట్లో పనిచేసేవాళ్ళు ముగ్గురూ వల బిగించి పట్టుకున్నారు. నేను బొమ్మతో మేడెక్కాను. వెనకే ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చింది. మంగళగిరి చీర కట్టుకుంది, తల్లో పూలు పెట్టుకుంది.

‘ముందు కిందకి రండి. నాన్నగారు మీతో మాట్లాడాలంటున్నారు.’

‘ఒక్క నిమిషం. ఆయన్ని తల కొంచెం కుడివైపు తిప్పమని చెబుతారా?’

‘నేనే మాట్లాడమన్నానండీ ఆయన్ని.’

‘ఇది పూర్తవ్వనీయండి. తర్వాత ఎంతసేపైనా మాట్లాడదాం,’ అన్నాను. గ్లాసు పిట్టగోడ మీద పెట్టి ఆమె అక్కడే నిలబడింది.

ఆ ఆదివారం సాయంత్రం రాహుకాలం అని తెనాలి వాళ్ళకి దారిలో ఎవరో గుర్తుచేశారట. అందుకని పొద్దున్నే వచ్చేశారు. నేను ఒకటి, రెండు, మూడు అని బొమ్మని వదిలేసరికి వీధి మలుపులోంచి వాళ్ళ కారు హారను కొట్టుకుంటూ వచ్చింది. వల పట్టినవాళ్ళు దడుచుకుని వల వదిలేసి తలో దిక్కూ పరుగెత్తారు. కోటాయన నా తెల్లచొక్కాతో సహా కారు ముందు దబ్బున పడ్డాడు. కార్లో పెద్దావిడ కెవ్వున అరిచింది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. పెళ్ళిచూపులకి వస్తుంటే శవంలాంటిది ఎదురుపడితే ఇంకెవరైనా అక్కణ్ణుంచే కారు వెనక్కి తిప్పుకునేవాళ్ళు. అలా జరిగి ఉన్నా నా నెత్తిన పాలు పోసినట్టయ్యేది. కానీ కార్లోంచి దిగిన పెళ్ళికొడుకు బొమ్మని తిప్పి చూసి, కోటు చూసి, తలెత్తి మేడ మీద ఉన్న నన్ను చూసి, ‘వలా?’ అన్నాడు. ‘వలే,’ అన్నాను. ‘నేనూ మొదట్నుంచీ అదే అంటున్నానండీ, ఎవరూ వినరే,’ అన్నాడు.

నేను మెట్లు రెండేసి దాటుకుంటూ దిగిపోయాను. ఆమె ఇంకా మేడ మీదే ఉంది. ఈలోగా పెద్దావిడ తేరుకుని, ‘ఎదురొచ్చింది దిష్టిబొమ్మే కదా, ఉన్న దిష్టంతా దానికే పోయింది, శుభమే,’ అని తీర్పు చెప్పింది. అందరూ లోపలికి నడిచారు. నా కోసం వేసిన కుర్చీలో పెళ్ళికొడుకు కూర్చున్నాడు. నేను పక్కనే గుమ్మం మీద కూర్చుని గంటసేపు అతనికి నా కొలతలన్నీ అప్పజెప్పాను. నా సిద్ధాంతం అర్థం చేసుకున్న మొదటి మనిషి దొరికాడన్న ఆనందంలో ఒళ్ళు మరిచిపోయాను. మధ్యలో అతను గొంతు తగ్గించి, ‘మీరు ఒకే ఆఫీసుట కదా. అమ్మాయి ఎలాంటిదండీ?’ అని అడిగాడు. ‘బంగారం అండీ. అంత మంచి అమ్మాయి మీకు ఎక్కడా దొరకదు,’ అన్నాను. అబద్ధం చెప్పలేదు. అప్పుడే ఆమె పళ్ళెంలో పూతరేకులు తీసుకుని వచ్చింది. ఆ మాట విన్నట్టుంది. నా ముందుకి పళ్ళెం వచ్చినప్పుడు తలెత్తి చూసింది. ఆ చూపుతో నాకు మొత్తం అర్థమైంది, గురువారం నాటి వాక్యాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. పూతరేకు నోట్లో కరగకుండా అలాగే ఉండిపోయింది.

పెళ్ళి మంగళగిరిలోనే జరిగింది. పెళ్ళికొడుకు నన్ను చుట్టాలందరికీ, ‘మేడ మీద నుంచి బొమ్మ పడేసింది ఈయనే,’ అని సంతోషంగా పరిచయం చేశాడు. మంచివాడు, ఇప్పటికీ పండగలకి ఫోన్ చేస్తాడు. భోజనాల దగ్గర మంగళగిరి గారి నాన్నగారు స్వయంగా నెయ్యి వడ్డిస్తూ నా విస్తరి ముందు ఆగారు. చుట్టూ ఎవరూ వినడంలేదని చూసుకుని, ‘నిన్ను చూద్దామనే రమ్మన్నాను బాబూ ఆ రోజు. నువ్వేమో బొమ్మని చూపించావు,’ అన్నారు. కోపంగా అనలేదు. ఇంకో చెంచా నెయ్యి ఎక్కువే వేసి ముందుకి వెళ్ళిపోయారు. బందరు తల వంచుకుని పప్పన్నం తింటున్నాడు.

మరుసటి ఏడాది రెండో భాగం వచ్చింది. కోటాయన ఎలా బతికాడో అరనిమిషంలో తేల్చేశారు. వలా లేదు, నిమ్మకాయా లేదు. ఏం చెప్పారో ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు. నాకు గుర్తున్నది ఇంకో మనిషి. గళ్ళ చొక్కా వేసుకుని పిట్టగోడ మీదకి వంగి, అందరూ కిందకే చూడండి, కిందకే చూడండి అని కేకలు పెడుతున్న ఒక కుర్రాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను, ప్రతిసారీ నవ్వొచ్చేస్తుంది. ఒరేయ్ నాయనా, కొలతలు తర్వాత చూసుకోవచ్చు, ఆ పిల్ల తెచ్చిన కాఫీ చల్లారిపోతోంది, ఒక్కసారి వెనక్కి తిరగరా అని ఇక్కణ్ణుంచి చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు, అంత ఉత్సాహంలో ఉన్నాడు వాడు.